కందెన నుండి గేర్ ఆయిల్ దాకా: పాత ట్రాక్టరు, సాంకేతిక తెలుగు

వ్యాససంగ్రహం

పాత ట్రాక్టరు గేరుబాక్సులో ఆయిల్ మార్చడం చూడటానికి చిన్న పని. ఆ పనిని తెలుగులో ఎవరు ఎవరికి నేర్పారు, ఏ మాటలతో నేర్పారు అనే ప్రశ్న మాత్రం చిన్నది కాదు. ఎడ్లబండి ఇరుసుకు పెట్టే ‘కందెన’ అనే వృత్తిపదం ఇరవయ్యో శతాబ్దిలో పనిస్థలం నుండి తప్పుకొని పాఠ్యపుస్తకంలో స్థిరపడింది. పనిస్థలంలో దాని చోటుకు వచ్చిన ‘గేర్ ఆయిల్’ అనే మాట మన పరిభాషాచర్చల్లో తగినంతగా కనిపించదు. ఈ మార్పిడిలో ఏ అర్థాలు నిలిచాయో, ఏవి జారిపోయాయో పరిశీలించడం, షెడ్డు తెలుగును అమీర్‌పేట శిక్షణతరగతి తెలుగుతో పోల్చి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కందెన, గేర్ ఆయిల్, వృత్తిపదాలు, పరిభాష, ట్రాక్టరు, దమ్ము, అమీర్‌పేట.

1. అమీర్‌పేట ఎందుకు?

హైదరాబాదులో అమీర్‌పేట కూడలి నుండి పంజాగుట్ట మీదుగా సోమాజిగూడ దాకా ఉన్న దారి మూడు కిలోమీటర్లకు అటూ ఇటూ. శాస్త్ర, సాంకేతిక విషయాలను దేశభాషల్లోకి తెచ్చే ప్రయత్నాల జాడలు ఈ కొద్ది దూరంలోనే కనిపిస్తాయి. అమీర్‌పేట అనే పేరు పైగా ప్రభువుల ‘అమీర్-ఎ-కబీర్’ బిరుదు నుండి వచ్చిందని ప్రసిద్ధి. ఆ కుటుంబానికి చెందిన ఫక్రుద్దీన్ ఖాన్ షమ్స్-ఉల్-ఉమరా పందొమ్మిదో శతాబ్ది తొలి సగంలోనే సొంత శిలాముద్రణాలయం పెట్టించి ఐరోపా భౌతికశాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తర్జుమా చేయించాడు. ‘సిత్తా-ఎ-షమ్సియా’ అనే ఆరు పుస్తకాల సంపుటి ఆ కృషి ఫలితమే. దారికి అటు చివర సోమాజిగూడలో ఈనాడు హైదరాబాదు కార్యాలయం చాలాకాలం ఉంది. ఆ సంస్థల వారే 1969లో ‘అన్నదాత’ మాసపత్రికను ప్రారంభించి ఎరువులు, పురుగుమందులు, పంపుసెట్లు, ట్రాక్టర్ల గురించి రైతుకు తెలుగులో చెప్పడం ఒక వృత్తిగా నిలబెట్టారు.

వీటి మధ్య నేటి అమీర్‌పేట ఉంది. మైత్రీవనం చుట్టుపక్కల 1990ల నుండి పెరిగిన కంప్యూటర్ శిక్షణకేంద్రాలలో లక్షలాది తెలుగు యువత ప్రోగ్రామింగ్ నేర్చుకుంది. ఆ తరగతుల భాష ఇంగ్లీషు కాదు, పుస్తకాల తెలుగూ కాదు. జిరాక్సు నోట్సు ఇంగ్లీషులో ఉంటుంది, వివరణ తెలుగులో సాగుతుంది. ఒక తరం బతుకుదెరువును మార్చిన ఈ మౌఖిక బోధన మన భాషాచరిత్రలో అధ్యాయంగా నమోదు కాలేదు. అది నమోదుకు తగినది కాదన్న చిన్నచూపు కూడా ఇందుకు కొంత కారణమని నా అభిప్రాయం.

ట్రాక్టరు షెడ్డు తెలుగుది కూడా ఇదే స్థితి. అక్కడా తయారీదారు పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, పని తెలుగులో జరుగుతుంది, జ్ఞానం చేతి నుండి చేతికి, నోటి నుండి చెవికి పోతుంది. అమీర్‌పేటకు మోటారు పనితో ప్రత్యక్ష సంబంధం కూడా లేకపోలేదు. నిజాం రాష్ట్ర రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా విభాగాన్ని మొదలుపెట్టింది. 1942లో ఏర్పడిన హైదరాబాద్ ఆల్విన్ అమీర్‌పేటకు ఆనుకొని ఉన్న సనత్‌నగర్ ప్రాంతంలో పెద్ద కర్మాగారంగా ఎదిగి, బస్సు బాడీలను కూడా తయారుచేసింది. ఇలాంటి చోట్ల మోటారు పని నేర్చినవారి నోట ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు కలగలిసిన ఒక పనిభాష తయారైంది. తెలంగాణ షెడ్లలో పెద్ద మెకానిక్కును ‘ఉస్తాద్’ అనడం, విడిభాగాన్ని ‘పుర్జా’ అనడం ఆ వారసత్వమే. కోస్తాలో అదే మనిషి ‘మేస్త్రి’. స్పానరు మాత్రం రెండు చోట్లా ‘పానా’యే.

2. ఇరుసుకు పెట్టిన మాట

ట్రాక్టరుకు ముందు బండి. ఎడ్లబండిలో ఇరుసు కదలదు, దాని మీద చక్రం తిరుగుతుంది. చక్రపు కుండకూ ఇరుసుకూ మధ్య ఒరిపిడి తగ్గించడానికి పెట్టే జిడ్డే కందెన. వరిగడ్డిని కాల్చిన మసిని ఆముదంలో కలిపి మెదిపితే అది తయారవుతుంది. వెదురుగొట్టంలో నింపి బండి కిందనో పక్కనో వేలాడదీసేవారు. దూరప్రయాణంలో కడశీల తీసి, చక్రాన్ని కొంచెం బయటికి లాగి, ఇరుసుకు కందెన పట్టించి మళ్ళీ చక్రాన్ని లోపలికి తోసేవారు. పదినిమిషాల పని. బండితోలే పిల్లవాడికి అందరికంటే ముందు అప్పగించే పని కూడా అదే.

ఈ మిశ్రమం వెనక లోతైన అనుభవం ఉంది. ఆముదం చిక్కని నూనె. ఎండకు నీళ్ళలా పలచబడి జారిపోదు, లోహాన్ని గట్టిగా పట్టుకుంటుంది. మెత్తని మసి ఆ నూనెను ఇరుసు మీదే నిలబెడుతుంది. నేటి గ్రీజు తయారీలోని సూత్రం కూడా ఇదే. అక్కడ నూనెను పట్టి ఉంచే పని సబ్బులాంటి చిక్కదనకారి చేస్తే, ఇక్కడ మసి చేసింది. ఆముదానికి ఉన్న ఈ గుణాన్ని యంత్రయుగం కూడా వదులుకోలేదు. మొదటి ప్రపంచయుద్ధకాలపు విమానాల్లోని రోటరీ ఇంజన్లకు ఆముదమే కందెన, ఎందుకంటే అది పెట్రోలులో సులభంగా కరగదు. బ్రిటన్‌లో వేక్‌ఫీల్డ్ సంస్థ 1909లో తన కొత్త నూనెకు ‘కాస్ట్రాల్’ అని పేరు పెట్టింది. ఆముదపు ఇంగ్లీషు పేరు ‘కాస్టర్’లోనే ఆ పేరుకు మూలం. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టపొలాలు ఆముదం పంటకు పేరుబడ్డవి. అక్కడి రైతు తన బండికి పెట్టుకున్నదీ, ఐరోపా విమానచోదకుడు తన ఇంజనులో పోసుకున్నదీ ఒకే గింజ నుండి తీసిన నూనె.

సాహిత్యంలో కందెన ఎంత సుపరిచితమో చెప్పడానికి సుమతీశతకం చాలు. ఊరి కరణంతో సర్దుకుపోవలసిన అవసరాన్ని చెప్పే పద్యంలో శతకకర్త ఇరుసుకు పెట్టే కందెనను ఉపమానంగా తీసుకున్నాడు. బండి తెలియని శ్రోత లేని కాలంలోనే ఆ పోలిక పనిచేస్తుంది. కందెనకు లంచమన్న ఛాయ అప్పటికే పట్టి ఉండటం మరో విశేషం.

ఇరవయ్యో శతాబ్దిలో ఈ పదానికి విచిత్రమైన గతి పట్టింది. బండ్లకు రబ్బరు టైర్లు, బేరింగులు వచ్చాక ఇరుసుకు కందెన బదులు గ్రీజు చేరింది. పల్లెలో పదం పలచబడింది. అదే సమయంలో పాఠశాల సామాన్యశాస్త్రం దాన్ని చేరదీసింది. ఘర్షణ పాఠంలో యంత్రభాగాల రాపిడిని తగ్గించే పదార్థాలన్నిటికీ ‘కందెనలు’ అనే సాధారణనామం స్థిరపడింది. ఉన్నతవిద్య పుస్తకాల్లో దీనికి పోటీగా ‘స్నేహకం’ అనే సంస్కృతపదం నడిచింది. వృత్తిపదం శాస్త్రపదంగా ఎదగడం పరిభాషానిర్మాణంలో కోరదగిన మార్గం, ఆ విధంగా చూస్తే కందెనది విజయగాథే. అయితే ఎనిమిదో తరగతిలో కందెనల గురించి చదివిన కుర్రవాడే సాయంత్రం ట్రాక్టరు షెడ్డుకు పోతే అక్కడ ఆ మాట వినిపించదు. అక్కడ ఉన్నవి ఆయిల్, గ్రీజు. పదం బతికింది గాని పుట్టిన పని నుండి వేరుపడింది.

3. ఒకే పెట్టెలో గేర్లూ లిఫ్టూ

స్వాతంత్ర్యానంతరం భారతదేశంలో ట్రాక్టరు తయారీ 1959లో ఐషర్ సంస్థ ఫరీదాబాద్‌లో చేసిన ట్రాక్టరుతో మొదలైంది. 1960లో మద్రాసులో టాఫే ఏర్పడి మాసీ ఫెర్గూసన్ నమూనాలను చేపట్టింది. 1963లో మహీంద్రా, ఇంటర్నేషనల్ హార్వెస్టర్ సంస్థలు వోల్టాస్‌తో కలిసి ఇంటర్నేషనల్ ట్రాక్టర్ కంపెనీని నెలకొల్పాయి. హెచ్.ఎం.టి. 1971లో చెకొస్లొవేకియా జెటార్ సహకారంతో పింజోర్‌లో ఈ రంగంలోకి దిగింది. తెలుగునాట 1968లో ఏర్పడిన రాష్ట్ర ఆగ్రో ఇండస్ట్రీస్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ యంత్రాలను రైతుకు చేర్చే పని చేపట్టింది. జనం నోట అది ‘ఆగ్రోస్’. ఈ చరిత్ర ఇతరత్రా లభ్యమే కనుక ఇక్కడ ఇంతకంటే అవసరం లేదు. మన ప్రశ్నకు కావలసింది ఫెర్గూసన్ ట్రాక్టరు లోపలి నిర్మాణం.

హారీ ఫెర్గూసన్ ప్రతిభ నాగలిని ట్రాక్టరుకు మూడు బిందువుల దగ్గర తగిలించి, నూనె ఒత్తిడితో ఎత్తి దించడంలో ఉంది. 1946లో ఇంగ్లండులోని కొవెంట్రీలో తయారీ మొదలైన టి.ఇ.-20 ట్రాక్టరు దీన్ని ప్రపంచమంతటికీ పరిచయం చేసింది. ఆ నమూనాలో నూనెను తోసే హైడ్రాలిక్ పంపు విడిగా ఉండదు. గేర్లూ, వెనక చక్రాలను తిప్పే క్రౌన్-పినియనూ ఉన్న పెట్టెలోనే మునిగి ఉంటుంది. అందువల్ల గేర్ల పళ్ళ మధ్య రాపిడి తగ్గించే నూనే నాగలిని పైకెత్తే నూనె కూడా. పట్టేది పాతిక లీటర్లకు పైమాటే. ఆ తరువాత వచ్చిన మాసీ ఫెర్గూసన్-35, దాని భారతీయ వారసులు ఇదే దారిలో నడిచాయి.

కందెనతో పోల్చితే ఇక్కడ జరిగిన భావనల మార్పు పెద్దది. కందెన బయట ఉంటుంది, కంటికి కనిపిస్తుంది, చేతికి అంటుతుంది. తరిగితే చక్రం కిర్రుమని చెబుతుంది. గేర్ ఆయిల్ మూసిన పెట్టెలో ఉంటుంది. అది తరిగినా, చెడినా పెట్టె వెంటనే ఫిర్యాదు చేయదు, చేసేనాటికి పళ్ళు అరిగి ఉంటాయి. కందెన పని ఒక్కటే, రాపిడి తగ్గించడం. గేర్ ఆయిల్ పనులు రెండు, రాపిడి తగ్గించడం, బరువు ఎత్తడం. ఇంకొక సంగతి క్రియాపదంలో ఉంది. కందెనను పెడతారు, వేస్తారు, పట్టిస్తారు. ‘మార్చడం’ అనే మాట దానికి పొసగదు, పాతది ఇరుసు మీద ఉండగానే కొత్తది చేరుతుంది. మూతబడిన పెట్టె వచ్చాకనే నూనెకు ఆయుర్దాయం వచ్చింది, దాన్ని తీసివేసి కొత్తది పోయడమనే పని పుట్టింది. ‘ఆయిల్ మార్చడం’ అనే పదబంధం తెలుగులో యంత్రయుగపు నిఖార్సైన సంతకం.

4. పని, దాని క్రియలు

పాత ఫెర్గూసన్ తరహా ట్రాక్టరుకు ఆయిల్ మార్చే క్రమాన్ని, ఆ క్రమంలో షెడ్డు తెలుగు వాడే క్రియలను కలిపి చూద్దాం.

ముందు ట్రాక్టరును కొంతసేపు తోలుకొని వస్తారు. చల్లగా ఉన్న ఆయిల్ చిక్కగా ఉండి అడుగున పేరుకున్న మడ్డిని వదిలిపెడుతుంది, వేడెక్కితే మడ్డితో సహా దిగుతుంది. బండిని సమతలం మీద నిలిపి, లిఫ్టు చేతులను పూర్తిగా కిందికి దించుతారు. లిఫ్టు పైకెత్తి ఉంటే దాని సిలిండరులోని ఆయిల్ అక్కడే చిక్కుకుపోతుంది. తరువాత పెట్టె అడుగున ఉన్న బోల్టులు వదులు చేసి ఆయిల్ ‘దించుతారు’. ఒక్క బోల్టు విప్పి ఊరుకుంటే చాలదు. గేర్ల వైపు ఉన్నదీ, వెనక పెట్టె అడుగున ఉన్నదీ విడివిడిగా విప్పవలసిన నమూనాలు ఉన్నాయి. కొత్త చేతులు పొరపడేది ఇక్కడే. సగం పాత ఆయిల్ లోపలే ఉండిపోతుంది, దాని మీద కొత్తది పోస్తారు.

దిగిన ఆయిల్‌ను పారబోసే ముందు చూడటం అసలైన విద్య. మంచి మేస్త్రి దాన్ని రెండు వేళ్ళ మధ్య రుద్దుతాడు. గరుకు తగిలితే ఇనుపరజను. అడుగున పసుపుపచ్చ మెరుపు కనిపిస్తే కంచు బుష్షులు అరుగుతున్నాయని అర్థం. పళ్ళ ముక్క దొరికితే పెట్టె విప్పక తప్పదు. రంగు పాలలా తెల్లబడి ఉంటే నీళ్ళు కలిశాయి.

ఈ పాలరంగు దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఇది తెలుగునేల సమస్య. ఐరోపా పొడినేలల్లో దుక్కి కోసం రూపుదిద్దుకున్న ఈ యంత్రాన్ని కృష్ణా, గోదావరి డెల్టాల్లో నీళ్ళు పెట్టిన మడిలోకి దింపారు. దమ్ము చేసేటప్పుడు వెనక టైర్లకు ఇనుపచక్రాలు తగిలిస్తారు. (అవే చక్రాలతో తారురోడ్డు ఎక్కడం మీద అధికారులకూ రైతులకూ ఏటా తగువే.) వెనక ఇరుసు బురదనీటిలో గంటల తరబడి మునిగీ తేలుతూ ఉంటుంది. ఇరుసు చివర సీలు ఏమాత్రం అరిగినా బురదనీరు లోపలికి చేరుతుంది. వేడి మీద ఉన్న పెట్టె నీటిలో హఠాత్తుగా చల్లబడినప్పుడు లోపలి గాలి కుంచించుకొని బయటి తేమను పీల్చుకుంటుంది. నీళ్ళు కలిసిన ఆయిల్ పలచని పొరగా నిలవదు, పళ్ళు లోహానికి లోహం రాసుకుంటాయి, బేరింగులు తుప్పు పడతాయి. తయారీదారు పుస్తకం ఆయిల్ మార్పును ఇంజను నడిచిన గంటల లెక్కలో చెబుతుంది. డెల్టాలో అనుభవజ్ఞుడైన రైతు లెక్క గంటల మీటరుతో కాక దమ్ముతో ముడిపడి ఉంటుంది: నాట్లు అయ్యాక ఒకసారి బోల్టు వదులు చేసి అడుగున నీరు దిగుతున్నదేమో చూడాలి. నీరు నూనె కంటే బరువు కనుక నిలిచి ఉన్న బండిలో అది అడుగుకు చేరి ముందుగా దిగుతుంది. పుస్తకంలోని గంటలు ఈ విధంగా పంటకాలంలోకి అనువాదమయ్యాయి. దీన్ని నేను అనువాదమనే అంటాను, ఏ పండితుడూ చేయకపోయినా.

దించాక ‘కడుగుతారు’. పంపు మొదట్లో ఉండే జల్లెడను డీజిలుతో శుభ్రం చేస్తారు. బోల్టు వాషర్లు కొత్తవి వేసి ‘బిగిస్తారు’. పైనుండి కొత్త ఆయిల్ ‘పోస్తారు’. చిక్కని నూనె కనుక అది లోపలికి ‘దిగడానికి’ సమయం ఇవ్వాలి. పుల్ల ముంచి మట్టం చూస్తారు. ఇంజను నడిపి లిఫ్టును నాలుగైదుసార్లు పైకీ కిందికీ ఆడిస్తారు, ఆయిల్ పంపుకు ‘ఎక్కుతుంది’, గాలి పోతుంది. మట్టం మళ్ళీ చూస్తారు, తగ్గి ఉంటే కలుపుతారు.

ఈ వర్ణనలో నామవాచకాలు చాలావరకు ఇంగ్లీషువి: ఆయిల్, బోల్టు, వాషర్, లిఫ్టు, పంపు, సీలు. క్రియలు మాత్రం అన్నీ తెలుగువి: దించు, వదులు చేయు, కడుగు, పోయు, ఎక్కు, ఆడించు, బిగించు. జబ్బులను చెప్పే మాటలైతే పూర్తిగా మనవే. గేరు ‘జారుతుంది’, ‘పడదు’. క్రౌన్ ‘అరుస్తుంది’. సీలు దగ్గర ఆయిల్ ‘చెమరుస్తుంది’. ఈ చివరి మాట చూడండి. కారడానికి ముందుదశను, చుక్క కట్టకుండా తడి మాత్రం కనిపించే స్థితిని చెమటతో పోల్చి చెప్పిన క్రియ ఇది. దీనికి దీటైన పారిభాషికపదాన్ని సమితి వేసి తయారుచేయమంటే ఏమి వస్తుందో ఊహించుకోవచ్చు.

అమీర్‌పేట తరగతి తెలుగుతో పోల్చితే తేడా స్పష్టమవుతుంది. అక్కడ ఇంగ్లీషు క్రియలే వచ్చి ‘చేయు’ను ఆనుకొని నిలబడతాయి: కంపైల్ చేయడం, రన్ చేయడం, డిక్లేర్ చేయడం. షెడ్డులో ‘డ్రెయిన్ చేయడం’ కంటే ‘దించడం’ ముందుగా నోటికి వస్తుంది. కారణం ఊహించడం కష్టం కాదు. ప్రోగ్రాములో జరిగే పనికి శరీరంలో, పొలంలో, ఇంట్లో పూర్వరూపం లేదు. నూనెను దించడానికీ, పోయడానికీ, కడగడానికీ వంటిల్లూ గానుగా ముందే మాటలు ఇచ్చి ఉన్నాయి. అరువు పదాల మీద మన చర్చలు సాధారణంగా నామవాచకాల లెక్క తీసి తెలుగు ఇంత శాతం పోయిందని విచారిస్తాయి. క్రియలను లెక్కించి చూస్తే షెడ్డు భాష చాలా వ్యాసాల భాషకంటే తెలుగైనది.

5. ఒక మాట, మూడు పదార్థాలు

అయినంత మాత్రాన షెడ్డు తెలుగును పొగిడి ఊరుకోవడం న్యాయం కాదు. దాని నామవాచకాల దగ్గర నిజమైన ప్రమాదం ఉంది. ‘గేర్ ఆయిల్’ అనే ఒక్క మాట కింద నేడు కనీసం మూడు వేర్వేరు పదార్థాలు ఉన్నాయి.

మొదటిది పాత ట్రాక్టర్లకు నప్పే సాదా గేర్ ఆయిల్. దుకాణంలో దీన్ని ‘తొంభై నంబరు’ అనో ‘నూటనలభై నంబరు’ అనో అడుగుతారు. ఈ అంకెలు చిక్కదనాన్ని చెబుతాయి, నాణ్యతను కాదు. పైగా ఇంజన్ ఆయిల్ అంకెలూ గేర్ ఆయిల్ అంకెలూ ఒకే కొలబద్దవి కావు. తొంభై నంబరు గేర్ ఆయిల్ చిక్కదనం దాదాపు నలభై, యాభై నంబరు ఇంజన్ ఆయిల్‌కు సమానం. పెద్ద అంకె మంచిదన్న నమ్మకంతో ఫెర్గూసన్ పెట్టెలో నూటనలభై పోస్తే, చలికాలపు ఉదయం పంపు దాన్ని లాగలేక లిఫ్టు మొరాయిస్తుంది. ఒకే నూనె రెండు పనులు చేస్తున్నదన్న నిర్మాణరహస్యం ‘గేర్’ ఆయిల్ అనే పేరులో దాగిపోయినందువల్ల వచ్చే తంటా ఇది.

రెండవది అధిక ఒత్తిడిని తట్టుకోవడానికి గంధకం, భాస్వరం సమ్మేళనాలు ఎక్కువగా కలిపినది. డబ్బా మీద జి.ఎల్.-5 అని ఉంటుంది. ఆధునిక వాహనాల క్రౌన్-పినియన్లకు ఇది మేలైనదే. పాత పెట్టెల్లోని కంచు, ఇత్తడి బుష్షులను మాత్రం దీనిలోని రసాయనాలు కొరికే అవకాశముంది. అందుకే అలాంటి చోట జి.ఎల్.-4 తరగతిని ఎంచుకోమంటారు. కొత్తది, ఖరీదైనది పాతదానికి కీడు చేయడం దుకాణం తర్కానికి అందని విషయం.

మూడవది గేర్లు, లిఫ్టుతోపాటు ఆయిల్ బ్రేకులకు కూడా సరిపడేలా చేసిన నూనె. కొత్త ట్రాక్టర్లలో బ్రేకు పళ్ళేలు వెనక పెట్టెలోని నూనెలోనే మునిగి ఉంటాయి. రాపిడి తగ్గించవలసిన నూనెలోనే రాపిడితో బండిని ఆపవలసిన పళ్ళేలు ఉండటం వింతైన కోరిక. దాన్ని తీర్చడానికి ప్రత్యేకమైన మిశ్రమం కావాలి. అటువంటి ట్రాక్టరులో సాదా తొంభై పోస్తే బ్రేకులు అరుస్తాయి, లేదా పట్టు తప్పుతాయి. ట్రాలీలో మిరపకోతకు పోయే కూలీలు కూర్చున్న బండికి ఇది చిన్న విషయం కాదు.

పాతతరం మేస్త్రికి ఈ తేడాలు తెలుసు. అతడి తెలివి పేరులో లేదు, ఏ బండికి ఏది పోయాలన్న జ్ఞాపకంలో ఉంది. ఆ జ్ఞాపకం మోసే మనిషి షెడ్డు మూసినప్పుడు మిగిలేది ‘గేర్ ఆయిల్’ అనే మాట ఒక్కటే. పేరు తేడాను మోయలేని చోట జ్ఞానం మనిషి ఆయుర్దాయం మీద ఆధారపడుతుంది. పరిభాష అవసరం అక్కడ మొదలవుతుంది. ఇంగ్లీషును వెళ్ళగొట్టడం దాని పని కాదు, ఒకటిగా వినిపిస్తున్న మూడింటిని మూడుగా వినిపించడం దాని పని.

6. కోశాలు నడిచిన దారి

తెలుగునాట పరిభాషానిర్మాణం ఈ అవసరాన్ని ఏ మేరకు గుర్తించింది? హైదరాబాదు రాష్ట్రంలో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి తోడుగా 1917లో దారుల్ తర్జుమా ఏర్పడింది. ఉర్దూలో శాస్త్రపదాలను ఎలా కూర్చాలో వివరిస్తూ వహీదుద్దీన్ సలీం ‘వజ్-ఎ-ఇస్తిలాహాత్’ రాసిన సంవత్సరం 1921. ఆ కృషి విస్తృతి మన గౌరవానికి పాత్రమైనదే. కాని అది తరగతిగది కోసం జరిగింది, అందులో తెలుగుకు చోటు లేదు. తెలుగు వైపు 1906లో హైదరాబాదులోనే మొదలైన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి శాస్త్రవిషయాలను పాఠకుడి దగ్గరికి తెచ్చింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాల పాఠ్యపుస్తకాలనూ పారిభాషికపదకోశాలనూ వెలువరించింది. వీటన్నిటి ఊహలోని పాఠకుడు విద్యార్థి. పానా పట్టినవాడు ఆ ఊహలోకి రాలేదు.

ఇందుకు గొప్ప మినహాయింపు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి తలపెట్టిన మాండలిక వృత్తిపదకోశం. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయపదాల సంపుటం 1962లో వెలువడింది. పని చేసేవాడి దగ్గరికి వెళ్ళి, జిల్లావారీగా మాటలు సేకరించి, ఏ మాట ఎక్కడిదో నమోదు చేసిన ఆ పద్ధతి భారతీయభాషల్లో కొత్తది. 1971లో చేనేత సంపుటం వచ్చింది. వ్యవసాయ సంపుటం వెలువడిన సంవత్సరాన్ని ట్రాక్టరు కర్మాగారాల తేదీల పక్కన పెట్టి చూడండి: 1959, 1960, 1963. నాగలి, బండి, కపిల రాజ్యమేలిన కాలపు పదసంపదను అది సరిగ్గా సంధికాలంలో అందిపుచ్చుకుంది. ఒక పదేళ్ళు ఆలస్యమై ఉంటే ఎన్నో మాటలు దక్కేవి కావు. ఆ పదేళ్ళలో పొలంలోకి వచ్చిన కొత్త మాటలు మాత్రం అదే శ్రద్ధతో మరొక సంపుటం కోసం ఎదురుచూస్తూ ఉండిపోయాయి. బండి భాగాల పేర్లు జిల్లావారీగా మనకు తెలుసు. ట్రాక్టరు వెనక తగిలించేదాన్ని ఎక్కడ ట్రాలీ అంటారో, ఎక్కడ ట్రక్కు అంటారో, ఆ గీత ఏ ఊళ్ళ మీదుగా పోతుందో చూపే పటం లేదు.

వ్యవసాయ పత్రికలు, ఆకాశవాణి వ్యవసాయ కార్యక్రమాలు ఈ లోటును కొంత పూడ్చాయి. గంటల లెక్కను రైతుకు అర్థమయ్యే కాలంగా మార్చి చెప్పడం, ‘హైడ్రాలిక్’ను అనువదించకుండా వివరించడం వాటి నేర్పు. అనంతపురం దగ్గర గార్లదిన్నెలో 1983లో ఏర్పడిన వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ తరగతులు మరొక ముఖ్యమైన చోటు. దక్షిణాది రాష్ట్రాలన్నిటి నుండి వచ్చినవారికి అక్కడ బోధన జరుగుతుంది. ఏ భాషలో, ఎంత మేరకు, ఏ మాటలతో అన్నది తెలుగు పరిశోధకులు వెళ్ళి వినవలసిన విషయం.

వినవలసినది అక్కడే కాదు. భాషాశాస్త్ర విద్యార్థి ఎవరైనా అమీర్‌పేట తరగతి ఒకటీ, ట్రాక్టరు షెడ్డు ఒకటీ తీసుకొని గంటేసి సంభాషణను రికార్డు చేసి, నామాలనూ క్రియలనూ విడదీసి చూస్తే పై నాలుగో భాగంలోని ప్రతిపాదన నిలుస్తుందో లేదో తేలుతుంది. షెడ్డుకు వెళ్ళేవారు దమ్ము ముగిసిన వెంటనే వెళ్ళడం మంచిది, ఆయిల్ మార్పిళ్ళు అప్పుడే ఎక్కువ. జెటార్ సహకారంతో మొదలైన హెచ్.ఎం.టి. ట్రాక్టరు విభాగాన్ని మూసివేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. ఇక ఆ బండ్లను బాగుచేసే చేతులు కొత్తగా తయారుకావు. తెలంగాణలోనే జహీరాబాదులో 2013 నుండి మహీంద్రా కర్మాగారం కొత్త ట్రాక్టర్లను తయారుచేస్తున్నది. వాటి భాష వేరుగా ఉంటుంది.

సేకరణలో పాత ఆయిల్ పేరునూ మరిచిపోకూడదు. దించిన ఆయిల్‌ను ఎవరూ ఊరికే పారబోయరు. డబ్బాలో పట్టి ఉంచి వాసాలకూ గుంజలకూ చెదలు పట్టకుండా పూస్తారు, వానాకాలం ముందు కర్రుకూ గొర్రుకూ తుప్పు పట్టకుండా రాస్తారు, ఇంకా మిగిలిన ఎడ్లబండి ఉంటే దాని ఇరుసుకు పెడతారు. కొన్నిచోట్ల దీన్ని ‘కాలిన ఆయిల్’ అంటారు. ఇంజన్ ఆయిల్‌కు ఆ పేరు తగును, గేరుబాక్సులో కాలేది ఏమీ లేదు. కందెనలో మసి కలవాలంటే గడ్డి కాలవలసిందే. ఈ నల్లని జిడ్డుకు ‘కాలిన’ అనే విశేషణం ఇంజను నుండి వచ్చిందో, ఇరుసు జ్ఞాపకం నుండి వచ్చిందో జిల్లాల వారీగా అడిగి చూడాలి.